అన్నయ్యగారి కొట్లో రెండో తెర

మొన్న మా పెద్ద ఆడపడుచు భర్త పెదకర్మకు వెళ్ళి, అడిగి మరీ రెండోసారి పులిహోర వేయించుకుని, కడుపునిండా తిని వచ్చాను. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదని మా ఇంట్లోవాళ్ళు ముందే చెప్పి పంపారు, నేనూ ఆ మాట నిలబెట్టుకున్నాను, పందిట్లో ఒక్క మాట తూలలేదు. కానీ మైకు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, పోయినాయన గుణగణాలు చెబుతూ చెబుతూ, గుంటూరులో ఇన్ని మిర్చి కమీషన్ కొట్లు ఉన్నా బల్ల మీద రైతు వైపుకి కూడా ఒక తెర తిప్పి పెట్టించి, తూకం తూకంలా తరుగు తరుగులా చూపించిన ధర్మాత్ముడు ఈయనేనని అనేసరికి, నోట్లో ఉన్న గారె మింగుడు పడలేదు. నీళ్ళు తాగి మింగాను. ఇంటికి వచ్చాక కూడా అది గొంతులోనే ఉన్నట్టుంది. ఆ తెర ఎవరు పెట్టించారో, ఎందుకు పెట్టించారో, దానికోసం గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఎలా తిరిగామో ఆ మైకు పెద్దమనిషికి తెలియదు. పందిట్లో అనలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మీలో నా వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు మిర్చి బేరమంటే తువ్వాలు కిందే. కొనేవాడూ కమీషన్ ఆయనా చేతులు కలుపుకుని, పైన తువ్వాలు కప్పుకుని, వేళ్ళు నొక్కుకుంటూ ధర తేల్చుకునేవాళ్ళు. కాయ పండించినవాడు పక్కనే నిలబడి ఆ తువ్వాలు కదలడం చూసేవాడు. మా ఆయన ఇంటికొచ్చి అదేదో గొప్ప విద్య అన్నట్టు వర్ణించేవాడు, బావ వేళ్ళు ఎలా కదిలాయో నా చేతి మీద తన వేళ్ళతో నొక్కి చూపించేవాడు. ఆ బావే ఈ పోయినాయన. మా ఆయనకి అక్క మొగుడు, నాకు వరసకి అన్నయ్య. ప్రత్తిపాడు పక్కన మా పొలాల్లో పండిన ఎండుమిర్చి అంతా ఆయన కొట్లోకే పోయేది. చుట్టం కొట్టు ఉండగా ఇంకో కొట్టు మెట్లెక్కడమంటే ఆడపడుచుని అవమానం చేసినట్టే లెక్క ఆ రోజుల్లో. మా ఆయన బతికినంత కాలం బావ మాటకి తిరుగు లేదు. బావ తరుగు ఇంత అంటే ఇంతే. తేమ ఉందనో మట్టి ఉందనో తూకంలోంచి తీసేసే భాగాన్ని మా వైపు తరుగంటాం. ఎండలో కల్లం మీద నెలనాళ్ళు తిరగేసి, తాలుకాయ ఏరి, తొక్కి గోతాల్లో నింపిన కాయకి తేమ ఎక్కడి నుంచి వచ్చేదో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే, ఆడదానివి నీకెందుకు, యార్డు గాలికే కాయ మెత్తబడుతుంది అనేవాడు.

తువ్వాళ్ళు పోయి కంప్యూటర్లు వచ్చాయి. తువ్వాలైతే కనీసం కదిలేది, దాని కింద ఏదో జరుగుతోందని తెలిసేది. కంప్యూటరు తెర వెనక వైపు తప్ప మాకేమీ కనబడేది కాదు.

మా ఆయనకి పక్షవాతం వచ్చి మంచాన పడిన ఏడు, కాయ ట్రాక్టరు మీద వేసుకుని మొదటిసారి నేనే యార్డుకి వెళ్ళాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. నోటి లెక్క ఎంతైనా చేస్తాను గానీ గీసిన అంకె చూసి ఇది ఫలానా అని చెప్పలేను. ఆ ఏడు కాయ ఎలాంటిదంటే, గుప్పెట్లోకి తీసుకుని ఊపితే లోపల గింజ గలగలమనేది. కాటా మీద టిక్కీలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి, మా వైపు మిర్చి బస్తాని టిక్కీ అంటాం. అన్నయ్యగారు బల్ల అవతల కూర్చుని టకటకా కొడుతున్నాడు. తరుగెంత రాశారు అన్నయ్యగారూ అని అడిగాను, అంతే. మామూలుగానే అడిగాను. ఆయన చెయ్యి ఆపి, హమాలీల వైపూ, వరసలో ఉన్న రైతుల వైపూ ఒకసారి చూసి, ఆ లావు తెరని రెండు చేతులతో పట్టుకుని గిర్రున నా వైపుకి తిప్పాడు.

"చూసుకో చెల్లెమ్మా. నీ దగ్గర దాపరికమేంది? ఏముందో నువ్వే చదివి అందరికీ చెప్పు."

నేను చూశాను. తెల్లటి దాని మీద నల్లగా ఏవేవో ఉన్నాయి. ఆయన ఆగాడు. చాలాసేపు ఆగాడు, కావాలనే ఆగాడు.

"నల్లచీమలమ్మా అవి. కుట్టవులే, భయపడమాక," అని తెర మళ్ళీ తనవైపుకి తిప్పేసుకున్నాడు. కాటా దగ్గర హమాలీ ఒకడు నవ్వాడు, వాడిని చూసి ఇంకొకడు నవ్వాడు, వరసలో ఉన్నవాళ్ళు కూడా, తమ తరుగు ఏమిటో తమకీ తెలియనివాళ్ళు కూడా నవ్వారు. ఇంటికి వచ్చి మా ఆయనకి అన్నం కలిపి పెడుతుంటే, సగం వంకరపోయిన నోటితో, బావ బాగా చూసుకున్నాడా అని అడిగాడు. బాగా చూసుకున్నాడని చెప్పాను. ఆయన పోయేదాకా అదే చెప్పాను.

మా మరిది కూతురు అప్పుడు మా ఊళ్ళో బడి వరండాలో పొద్దుగూకే వేళ పెద్దవాళ్ళకి చదువు చెబుతుండేది. మిగతా ఆడవాళ్ళు సంతకం కోసం వచ్చేవాళ్ళు. ఆ పిల్ల నన్ను కూర్చోబెట్టి, పెద్దమ్మా ముందు నీ పేరు రాద్దాం అంది. నా పేరు నాకు తెలుసు, అది రాసుకుని ఏం చేస్తాను, నాకు తరుగు అని రాసి చూపించు అన్నాను. అది నవ్వింది, అఆలు రాకుండా ఎలా అంది. నేను వినలేదు. పలక మీద అది రాసిచ్చిన ఆ మూడు అక్షరాల మీద దిద్దీ దిద్దీ, తరవాతే అఆల దగ్గరికి వచ్చాను. అంకెలు ఇంకా తొందరగా వచ్చాయి. మిరపతోటలో కాయ కోసేటప్పుడు కూడా కాలి బొటనవేలితో మట్టిలో రాసుకునేదాన్ని. చదువు మనసుని మెత్తన చేస్తుందని చెప్పేవాళ్ళు చెబుతారు. నాకైతే అలా జరగలేదు. ఒక్కో అక్షరం వచ్చేకొద్దీ ఆ తెర మీద ఆ రోజు ఏముండి ఉంటుందో ఊహించుకోవడం ఎక్కువైంది, కోపం పదునెక్కింది.

తరవాత కొన్నేళ్ళకి మా ఊరూ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళం, మొగుళ్ళు పోయినవాళ్ళమూ మొగుళ్ళున్నా పొలం చూసుకునేది తామే అయినవాళ్ళమూ, ఒక సంఘంగా కూడి కాయంతా ఒకచోట పోగేసి అమ్మడం మొదలుపెట్టాం. చదవడం వచ్చిందని, గొంతు పెద్దదని మాట్లాడే పని నాకు అప్పగించారు. అంత కాయ ఒకేసారి వస్తుందంటే కమీషన్ కొట్లవాళ్ళు మా గుమ్మాల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. అన్నయ్యగారు కూడా బత్తాయిల సంచీ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అరుగు నిండా మా సంఘం వాళ్ళు కూర్చుని ఉన్నారు. పాత చుట్టరికం తవ్వి, మా ఆయన్ని తలుచుకుని కండువాతో కళ్ళు కూడా ఒత్తుకున్నాడు. అంతా విని, మీ కొట్టుకే వేస్తాం అన్నయ్యగారూ, కాకపోతే బల్ల మీద మా వైపుకి కూడా ఒక తెర ఉండాలి, మీరు కొట్టింది కొట్టినట్టు మాకు కనబడాలి అన్నాను.

నవ్వాడు. ఒప్పుకుంటాడని నేననుకోలేదు, ఒప్పేసుకున్నాడు.

"ఓస్, ఇంతేనా! పెట్టించుకో. కొట్టు నీది కాదా ఏంది? నా కంప్యూటరు మార్చకుండా నీ తెర ఎట్టా పెట్టించుకుంటావో పెట్టించుకో. కాకపోతే కొత్తకాయ మొదటి లోడు దిగే లోపలే పెట్టించాల. పెట్టించలేకపోయావనుకో, కాయ నా కొట్టుకే రావాల, తరుగు మాట ఇంక ఈ జన్మకి నీ నోట్లోంచి రాకూడదు. సరేనా చెల్లెమ్మా?"

సరే అన్నాను. ఆయన బత్తాయిలు అక్కడే పెట్టి వెళ్ళగానే మా వాళ్ళు నా మీద పడ్డారు. మా తోటికోడలు, అక్షరాలు చెప్పిన పిల్ల తల్లి, అందరికంటే గట్టిగా అరిచింది.

"నీ పగకి మా కాయ పందెం పెడతావా అక్కా? ఇంకో కొట్టు చూసుకుంటే పోయేదానికి?"

ఏ కొట్టుకి వెళ్ళినా తెర అటే తిరిగి ఉంటుంది కదా అన్నాను. అది నిజమే. కానీ నాకు ఇంకో కొట్లో తెర వద్దు. ఆయన కొట్లోనే, ఆయన బల్ల మీదే, ఆయన నన్ను నిలబెట్టిన చోటే కావాలి. ఆ సంగతి మా తోటికోడలికి చెప్పలేదు, చెప్పకపోయినా దానికి తెలుసు. లోడు దిగేనాటికి తెర లేకపోతే అంతమంది ఆడవాళ్ళ కాయ ఆయన వేలి కిందకి పోతుంది, మాట్లాడే హక్కు నాకు పోతుంది.

గుంటూరులో కంప్యూటర్లు బాగుచేసే సాయిబు ఒకతను ఉన్నాడు. మా ఊరివాడే, వాళ్ళ పొలం మా పొలం గట్టు పక్కనే, నన్ను అక్కా అంటాడు, నేను సాయిబు తమ్ముడంటాను. అతన్ని వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్ళాను. అప్పటికి ఆ పాత లావు తెర పోయి పల్చటి తెర వచ్చింది, కింద ఉండాల్సిన పెట్టె కూడా చిన్నదైపోయింది, నిలబెట్టిన పీట మందం ఉంటుందంతే. సాయిబు తమ్ముడు వెనక్కి వంగి చూసి, తెర వైరు పెట్టడానికి ఒక్కటే సాకెట్టు ఉందక్కా అన్నాడు. అన్నయ్యగారు పక్కన కుర్చీలో కాళ్ళూపుకుంటూ వక్కపొడి నములుతున్నాడు. తరవాత తెలిసింది, క్రికెట్ చూసుకోవడానికి ఆయనే అంతకుముందు రెండో తెర పెట్టించబోతే, ఈ చిన్న పెట్టెకి కుదరదని ఎవరో చెప్పారట. అందుకే అంత ధీమాగా పందెం వేశాడు.

ముందు తేలికైన దారే పట్టాం. ఒక వైరు కొసని రెండుగా చీల్చే ముక్క ఒకటి తెచ్చి పెడితే రెండు తెరల మీదా ఒకే బొమ్మ వచ్చింది. నేను పొంగిపోయాను. అన్నయ్యగారు మా వాళ్ళందరినీ పిలిచి, చూడండమ్మా, నా తెర మీద ఊరందరి ఖాతాలూ ఉంటాయి, ఎవరికి ఎంత బాకీ ఉందో, ఎవరు ఏం తాకట్టు పెట్టారో వరసలో నిలబడ్డ ప్రతివాడూ చదువుకోవచ్చు, మీకు సమ్మతమేనా అన్నాడు. ఎవరికి సమ్మతం? మా తోటికోడలే ముందుగా వద్దంది. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది, అదే నాకు ఇంకా మంటెక్కించింది. అంటే ఆయన వైపు ఆయన బొమ్మ, మా వైపు ఆ తూకం మట్టుకే ఉండే బొమ్మ, రెండు వేరువేరుగా రావాలి. దానికి పెట్టె లోపల వీడియో కార్డు అని ఒకటి దిగేయాలి, దాని వెనక సాకెట్లు ఉంటాయి, లోపల దానికి ఖాళీ గాడి కూడా ఉంది అన్నాడు సాయిబు తమ్ముడు.

అతనికి ఆ వారమంతా వేరే పని ఉంటే, ఆగలేక నేనే వెళ్ళాను. గోతాలు కుట్టే పురికొస తీసుకుని ఆ పెట్టెని పైనుంచి కిందకి, ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచి ముడులు వేసుకుని, బస్సెక్కి గుంటూరు వెళ్ళి, కంప్యూటర్లమ్మే దుకాణంలో ఆ పురికొస చూపించి కార్డు అడిగాను. మంచం పట్టె కొలిచినా కిటికీ తలుపు కొలిచినా మాకు పురికొసే కదా. అద్దాల దుకాణం, లోపలంతా రంగురంగుల దీపాలు, అమ్మేదంతా ఆటలాడుకునే పిల్లల కోసమే. ఒక్కో కార్డుకి రెండేసి ఫ్యాన్లు. అందులో అన్నిటికంటే చిన్నది నా పురికొస లోపలే వచ్చిందని పట్టుకొచ్చాను. నేను కొలిచింది పెట్టె బయటి కొలత. గాడి లోపల అడుగున ఉంటుందనీ, కార్డు దాని మీద నిలబడాలనీ నాకేం తెలుసు? సాయిబు తమ్ముడు వచ్చి మూత తీసి దించబోతే సగం కార్డు బయటే నిలబడింది, మూత పడదు, పక్కకి వాల్చినా పట్టదు.

అన్నయ్యగారు వక్కపొడి ఉమ్మేసి వచ్చి మరీ చూశాడు.

"గడ్డపార తెచ్చి గల్లాపెట్టెలో పెడతానంటావేంది చెల్లెమ్మా? పోనీలే, కాఫీ తాగు. అరేయ్, మా చెల్లెమ్మకి కాఫీ చెప్పండ్రా, పంచదార ఎక్కువెయ్యమను."

ఆ కాఫీ నేను తాగాను. వద్దంటే ఓడిపోయినట్టు ఉంటుందని, చివరి చుక్కదాకా తాగి గ్లాసు బల్ల మీద బోర్లించి వచ్చాను.

కార్డు పొట్టిది కావాలి, దాని వెనక ఉండే రేకు కూడా పొట్టిది కావాలి, విడిగా కరెంటు అడగనిది కావాలి. ఈ మూడూ ఉన్నది గుంటూరులో దొరకలేదు. తెప్పిస్తాం అన్నవాళ్ళు కాయ దిగేలోపు ఇచ్చేలా లేరు. కల్లాల మీద కాయ అప్పటికే ఎర్రగా పరుచుకుంది, మొదటి లోడు తమదే కట్టాలని మా వాళ్ళు గోతాలు దులుపుతున్నారు, ఒక్కొక్కరూ నన్ను చూసి మాట మార్చేస్తున్నారు. ఒంగోలులో పాత ఆఫీసుల కంప్యూటర్లు కొని విప్పి అమ్మే దుకాణం ఉందని తెలిసి, సాయిబు తమ్ముడిని బతిమాలి బస్సెక్కించాను. అక్కడ ఒక గదినిండా పాత పెట్టెలు, తవుడు బస్తాల్లా పేర్చి ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా కార్డు దొరికింది, కొలతకి సరిపోయేదే, అరచేయంత ఉంది. కానీ దాని రేకు పొడుగు. కొత్తగా కొన్నప్పుడు పొడుగు రేకూ పొట్టి రేకూ రెండూ ఇస్తారట, అవసరం లేనిది జనం అవతల పారేస్తారట. ఆ పారేసిన రేకు కోసం ఆ గదంతా మళ్ళీ వెతికాం. ఆఖరికి తమ్ముడు రంపం అడిగి పొడుగు రేకునే కోశాడు. కోస్తే, మర బిగించే మడత కాస్తా కోసిన ముక్కతోనే పోయింది.

"రేకు లేకపోయినా కార్డు పనిచేసిద్దక్కా. కాకపోతే గాడిలో ఊరికే నిలబడి ఉంటది. వెనక వైరు ఎవరైనా లాగితే ఊడొచ్చిద్ది."

"ఎవరైనా ఏంది తమ్ముడూ. లాగేది ఎవరో నీకు తెలీదా?"

అతను నవ్వి రంపం ఇచ్చేశాడు. మరతో బిగించనిది ఏదీ ఆ కొట్లో పెట్టనని నేను అప్పటికే నిశ్చయించుకున్నాను.

తిరుగు బస్సు ఎక్కాక మనసు మా ఆయన మీదకి పోయింది. బావని చివరిదాకా నమ్మి పోయాడు, ఒక రకంగా సుఖంగానే పోయాడు. నేనూ నోరు మూసుకుని ఉంటే ఈ తిప్పలు లేవు కదా అనిపించింది, ఆ ఒక్కసారే అనిపించింది. ఏం తోచక మా మరిది కూతురికి ఫోన్ చేశాను. నాకు తరుగు రాసిచ్చిన ఆ పిల్ల అప్పటికి మార్టూరులో గ్రానైటు పాలిషు పట్టే చోట ఆఫీసులో లెక్కలు చూస్తోంది. ఇలా ఒంగోలు వచ్చాం, చిన్న పెట్టె, రెండు తెరలు, పొట్టి కార్డు, పొట్టి రేకు అని నా గోడు వెళ్ళబోసుకుంటుంటే అది మధ్యలో ఆపేసింది.

"పెద్దమ్మా, నా బల్ల మీద రెండు తెరలే కదా! ఒకదాంట్లో వచ్చినవాళ్ళకి రాళ్ళ ఫొటోలు చూపిస్తాం, ఒకదాంట్లో నేను బిల్లు కొట్టుకుంటా. నన్నొక్కదాన్ని తప్ప ఊరందర్నీ అడిగావా?"

మార్టూరులో దిగిపోయాం. రాతిపొడి ఎగిరి ఆ రోడ్డు పక్క చెట్లే తెల్లగా ఉంటాయి, ఇక ఆఫీసు గది చెప్పాలా. ఆ పిల్ల బల్ల కింద మూల, రాతిపొడి మింగి చచ్చిపోయిన పాత పెట్టె ఒకటి పడేసి ఉంది, అదీ పీట మందం పెట్టే. సాయిబు తమ్ముడు మూత తీసి, లోపల సున్నం కొట్టినట్టున్న దాంట్లోంచి అరచేయంత కార్డు బయటికి తీశాడు. వెనక పొట్టి రేకు. నాకు ఇప్పటికీ ఆ రేకు కళ్ళకి కట్టినట్టుంది. వాళ్ళ యజమాని, చచ్చినదాంట్లో ముక్కే కదా తీసుకుపొమ్మన్నాడు. తరవాత ఆయనకి పచ్చడికి మంచి కాయ పంపాను. తమ్ముడు బ్రష్షుతో దుమ్ము దులిపి ఆ పిల్ల కంప్యూటర్లోనే పెట్టి చూస్తే, కార్డు బతికే ఉంది.

మొదటి లోడు దిగే ముందు రోజు దాన్ని బిగించాం. గాడిలో కూర్చుంది, మూత పడింది, మర తిరిగింది. మర తిరుగుతున్నంతసేపూ నేను కార్డు వైపు చూడలేదు, అన్నయ్యగారి మొహం వైపే చూశాను. నమలడం ఆపేశాడు. మా సంఘం తరఫున కొన్న తెర బల్ల మీద మా వైపుకి పెట్టి వెలిగిస్తే, రైతు పేరు, టిక్కీలు, తూకం, తరుగు, నికరం, అవి మట్టుకే వచ్చాయి. తెలుగులోనే వచ్చాయి. మా తోటికోడలు తెర దగ్గరగా వంగి, కూడబలుక్కుని, తన పేరు చదువుకుంది.

మర్నాడు లోడు దిగింది. మొదటి తూకం మా తోటికోడలిదే. ఎదుట తెర ఉందని ఆయనకి తెలుసు, మేమంతా దాని ముందు నిలబడ్డామని తెలుసు. తెలిసి కూడా ఏం చేశాడో చూడండి. ఏళ్ళ తరబడి ఆయనకి అలవాటు, నోటితో ఒక అంకె అరవడం, చేత్తో ఇంకో అంకె కొట్టడం. తరుగు రెండు అని కేకేశాడు. తెర మీద నాలుగు పడింది. మోసం చేద్దామని ఆ పూట అనుకుని ఉండడు, అంత తెలివితక్కువవాడు కాదు. నోరు దాని పని అది చేసింది, చెయ్యి దాని పని అది చేసింది. మా వాళ్ళంతా నా వైపు చూశారు. నేను మా తెరని రెండు చేతులతో పట్టుకుని ఆయన వైపుకి తిప్పాను.

"అన్నయ్యగారూ, ఏముందో మీరే చదివి అందరికీ చెప్పండి."

ఆయన చూశాడు. నేను ఆగాను. ఆనాడు ఆయన ఆగినంతసేపూ ఆగాను. హమాలీలు టిక్కీ కాటా మీదే వదిలేసి నిలబడిపోయారు.

"చెయ్యి జారింది చెల్లెమ్మా."

"జారితే ఒక్కసారన్నా తక్కువ వైపు జారాల గదా అన్నయ్యగారూ?"

ఆ రోజు హమాలీలు నవ్విన నవ్వు చాలా రోజులు నాకు అన్నం అరిగేలా చేసింది.

ఇంత దొరికాక ఇంకా ఇక్కడెందుకు, వేరే కొట్టుకి పోదాం పద అన్నారు మా వాళ్ళు. నేను వద్దన్నాను. వదిలేసి పోతే ఆయనకి హాయి. నాకు ఆయన హాయిగా ఉండటం ఇష్టం లేదు. అందుకే ఏటా కాయంతా ఆ కొట్టుకే వేయించాను, ప్రతి తూకానికీ ఆ తెర ముందు నిలబడి, చూడగానే చదవగలిగిన దాన్ని కూడా వేలు పెట్టి, అక్షరం అక్షరం విడదీసి, పెద్దగా, మెల్లగా చదివేదాన్ని. ఆయన కాళ్ళు బల్ల కింద ఊగిపోయేవి. మమ్మల్ని చూసి మిగతా రైతులు కూడా ఆ తెర ముందుకి చేరారు. ఆయన ఊరుకున్నాడా? ఒకసారి తెర ముందు సంచులు పేర్చాడు. ఇంకోసారి తెరకి అడ్డంగా వెంకటేశ్వరస్వామి పటం పెట్టి దండ వేశాడు, ఆడవాళ్ళం దేవుణ్ణి కదిలించమని ఆయన నమ్మకం. నేను పటాన్ని రెండు చేతులతో తీసి, కళ్ళకద్దుకుని, ఆయన వెనక గోడకి మేకు కొట్టించి పెట్టాను. స్వామి కూడా చూస్తాడులెండి అన్నాను. వైరు లాగిన రోజు కూడా ఉంది. బిగించిన మర, ఊడలేదు.

పెదకర్మలో ఆయన మారాడన్నారు. ఏం మారాడు? చూసేవాళ్ళు ఎదుట ఉన్నారు కాబట్టి చెయ్యి కుదురుగా ఉంది, అంతే. మా ఆడపడుచుకి ఈ రాత చేరితే నొచ్చుకుంటుంది, ఆమె అంటే నాకు అభిమానమే. అయినా చెరపను. మంచాన పడ్డ మనిషి కాయ మీద, నమ్మిన బామ్మర్ది కాయ మీద కూడా తరుగు తీసినవాణ్ణి ధర్మాత్ముడని మైకులో అంటే నేను వినలేను.

ఇప్పుడు యార్డు తీరే మారిపోయింది. మా కోడలు పొలం చూస్తోంది. కాయ కల్లం నుంచే ఏదో కంపెనీ లారీ ఎక్కుతుంది, ఎక్కడో తూకం అవుతుంది, ఫోనుకి మెసేజి వస్తుంది. చదువుకున్న పిల్ల, నాకంటే వేయి రెట్లు చదివిన పిల్ల, దాన్ని చూసీ చూడనట్టు వేలితో పక్కకి తోసేస్తుంది. మొన్నటి లోడుకి తరుగు ఎక్కువగా ఉందే, ఎవర్ని అడిగావు అన్నాను. ఎవర్నీ అడగడానికి ఉండదు అత్తయ్యా, అందులో అంతే వస్తుంది అంది. ఫోను తీసుకుని నేనే చూశాను. తరుగు అని రాసి ఉంది, అంకె ఉంది, అన్నీ చక్కగా చదవగలిగాను. అది తీసినవాడు ఎవరో, ఎక్కడ కూర్చున్నాడో, వక్కపొడి నములుతున్నాడో లేదో ఎక్కడా రాసి లేదు. ఎంత దుర్మార్గుడైనా అన్నయ్యగారు బల్లకి అవతల ఉండేవాడు. చూస్తే మొహం కనబడేది, అడిగితే చెమట పట్టేది. ఆయన పోయినందుకు నాకు ఏడుపు రాలేదు, ఇక రాదు కూడా. కానీ ఆ ఫోను చేతిలో పట్టుకుని, ఇది ఎవరి వైపుకి తిప్పాలో తెలియక, చాలాసేపు అరుగు మీద అలాగే కూర్చుండిపోయాను.